పదహారేళ్ళప్పటి తీర్పు

స్ప్లిట్ కోవ్,
ఫిబ్రవరి 4

మెల్వీనా పిన్నీ,

మీ కార్నర్ బ్రూక్ ఊళ్ళో చలికి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకని రాస్తున్నాను.

క్రిస్మస్ తర్వాత మా మిల్లు ఫోర్‌మన్ కూతురి పెళ్ళిలో రమ్ము బాగా తాగి అక్కడే పడుకున్నాను. పొద్దున్నే లేచి, టీ తాగి, మత్తు దిగిపోయిందనుకుని బండి తీశాను. చర్చి మలుపు దగ్గర పోలీసులు ఆపి గొట్టంలో ఊదించారు. ఒంట్లో మందు ఇంకా హద్దు దాటే ఉంది. ఈ నెల పద్దెనిమిదిన కోర్టు. నేరం ఒప్పుకుంటాను, చేసిందే కదా.

ఇదొక్కటే అయితే జరిమానాతో పోతుంది. రెండోసారి శిక్షపడే వాడికి మాత్రం తక్కువలో తక్కువ ముప్పై రోజుల జైలు. పదహారేళ్ళప్పుడు నేను తాగి బాబాయి ట్రక్కుతో హెడ్లీ గారి చేపల కొట్టం కూలగొట్టినప్పుడు, బాలల కోర్టులో నా పక్కన కూర్చున్నది నువ్వే. ఇప్పటి కేసు జోసీకి తెలుసు, ఆ పాత సంగతి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. ఆమె తండ్రి ఆంబ్రోస్‌కి ఎడమకాలు మోకాలి కింద పోయింది తాగి బండి నడిపినవాడి వల్లే. పెళ్ళికి ముందు చెబితే ఆమె నా ముఖం చూడదని దాచేశాను. ఇప్పుడామెకు తొమ్మిదో నెల. మార్చి మొదట్లో పురుడు. ఆ వేళకి నేను జైల్లో ఉంటానేమోనని కంటి మీద కునుకు లేదు.

లాయరుకు కూడా ఆ పాత కేసు చెప్పలేదు. రేపు చెబుతాను. జోసీకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నీ సెల్బీ

స్ప్లిట్ కోవ్,
ఫిబ్రవరి 19

పిన్నీ,

నేను ఇంట్లోనే ఉన్నాను. ముందు ఈ మాట చదివి ఊపిరి పీల్చుకో.

లాయర్ కీహో గారు రెండే ప్రశ్నలు అడిగారు. బాలల కోర్టు వేసిన శిక్ష ఎప్పుడు పూర్తయింది, ఆ తర్వాత ఇంకేమైనా చేశావా అని. పద్దెనిమిదో ఏడు రాకముందే పూర్తయిందని, తర్వాత ఏమీ లేదని చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. నాలాంటి కేసులో శిక్ష అయ్యాక మూడేళ్ళు బుద్ధిగా ఉంటే ఆ కాగితాలు మూతపడతాయట, నావి మూతపడి ఏళ్ళయిందట. ఆ మూడేళ్ళలోపు పెద్దవాడిగా శిక్షపడి ఉంటే మాత్రం అవి నా మెడకు చుట్టుకునేవి. ఏదేమైనా, చిన్నప్పటి తీర్పును మొదటి నేరంగా లెక్కగట్టి ముప్పై రోజులు వెయ్యడానికి చట్టం ఒప్పుకోదట. "చట్టమే మూసేసింది. కోర్టులో దాని ఊసు నువ్వెత్తకు," అన్నారు.

ఆ సాయంత్రం జోసీకి చెప్పేశాను. ఇక ఎవరూ బయటపెట్టలేరని తెలిశాకే నాకు నోరు వచ్చింది. ఆ సిగ్గు నీ దగ్గర దాచను. ఆమె అరవలేదు. తొక్క తీస్తున్న బంగాళదుంప పక్కన పెట్టి, "నాన్నకి నువ్వే చెప్పుకో. నేను మోయను," అంది.

మర్నాడు చెప్పాను. మామయ్య అంతా విని లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత దాదాపు రెండు వారాలు నాతో మాట లేదు. నిన్న మాత్రం కోర్టుకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. జడ్జి ఇదే నా మొదటి నేరంగా తీసుకుని జరిమానా వేసి, ఏడాదిపాటు బండి ముట్టుకోకూడదన్నారు. అంతే.

బయట మంచులో మామయ్య కర్రకు ఆనుకుని నా కోసం ఆగాడు.

"నిన్ను జైలుకి పంపలేదని నేను సంబరపడుతున్నాననుకోకు. పదహారేళ్ళప్పటిది వదిలేశా. మొన్నటిది వదల్లేదు."

"వదలకండి," అన్నాను.

"మిల్లులో ఎన్నింటికుండాలి నువ్వు?"

"ఏడింటికి."

"ఆరున్నరకి గుమ్మంలో ఉండు. ఏడాదంతా నేనే దింపుతా. దారి పొడుగునా నేను తిడతా, నువ్వు వింటావు."

ఈ పొద్దున ఇరవై నిమిషాలు ఆపకుండా తిట్టాడు. గేటు దగ్గర దిగబోతుంటే, మగపిల్లాడైతే ఏం పేరనుకున్నారని అడిగాడు. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను.

"సాయంత్రంలోగా ఆలోచించి పెట్టు," అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నీ సెల్బీ