కూజాలో పలికిన బల్లి

ప్రొద్దుటూరు, మే నెల, ఆదివారం రాత్రి

మనవరాలు బెంగళూరు నుంచి తెచ్చిన, పురుగులు తినే కూజా మొక్కకు మన బోరు ఉప్పునీళ్లు పడవట. కొడుకు గది ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తూ, నా కూలర్ ముందే పెట్టుకున్నాను, మహారాణిని!

"అత్తా, ఈడ మనుషులే మాడిపోతాండారు, ఇదేం బతుకుతాది?" అంది సాయంత్రం కోడలు.

"అది బతుకుతాదిలే. ఈ ఎండాకాలం దాటనిది నేనే," అని నవ్వాను.

వెంటనే, అవునన్నట్టు బల్లి పలికింది. "కృష్ణ కృష్ణ" అంటూ నేల మీద వేలితో కొట్టబోయిన కోడలు ఆగిపోయింది. పలికింది గోడ మీద కాదు, ఆ మొక్కకు వేలాడే కూజాలో.

తొంగి చూశాను. అడుగున సన్నటి ఎముకలు, తోక ముక్క. బల్లి ఎప్పుడో కరిగిపోయింది.

ఇందాక దాని దగ్గర కూర్చుని, "నూరేళ్లు బతుకుతా" అని కూడా అని చూశాను.

పలకలేదు.