డేనీకి అరువిచ్చిన గొంతు

మార్చి 9, ఆదివారం

చర్చి అయ్యాక తోమాసు అంకుల్ నన్ను నేనుండే మాసన్ లేక్స్‌లో దింపుతూ, ఇంజన్ ఆపకుండానే అసలు విషయం చెప్పారు. ఆయన మేనల్లుడు డేనీకి గురువారం వీడియో ఇంటర్వ్యూ. ఈ దేశం ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌లో కంపెనీ, ప్యాకేజింగ్ స్పెషలిస్ట్ పోస్టు. వందల కంప్యూటర్లలోకి సాఫ్ట్‌వేర్ ఎవరూ ఏ బటనూ నొక్కకుండా దానంతటదే ఎక్కేలా ప్యాకేజీగా తయారుచేసే పని. యూనివర్సిటీ ల్యాబ్‌లో నేను రోజూ చేసేది అదే. డేనీకి రాదు. వాడు కెమెరా ముందు పెదాలు కదుపుతాడట, లాప్‌టాప్ వెనక కూర్చుని నేను మాట్లాడాలట. ఏం లేదబ్బాయ్, మాట సాయమే గదా, ఆడి వీసా అయిపోవొస్తంది అన్నారు.

ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. వాళ్ళ హాల్లో నెలకి పైగా పడుకున్నాను. ఏసుమణి ఆంటీ చేతి అన్నం తిన్నాను. ఆయనకి కాదని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. సరే అంకుల్ అన్నాను.

మార్చి 13, గురువారం, మధ్యాహ్నం

అయిపోయింది.

పెదాలు కలవకపోయినా అనుమానం రాకుండా, నెట్ స్లోగా ఉందని డేనీ ముందే చాట్‌లో రాశాడు. మేనేజర్ పేరు జూడీ. ప్యాకేజీ సరిగా పనిచేస్తుందని ఎలా తేల్చుకుంటావని అడిగింది. నా సొంత మెషీన్‌ని నమ్మను, అందులో అన్నీ ముందే ఉంటాయి కాబట్టి ఏది పెట్టినా ఎక్కుతుంది, ఏమీ లేని మెషీన్ మీద ఎక్కించి, మళ్ళీ తీసేసి, వెనక ఏం మిగిలిందో చూస్తాను అన్నాను. అంటే, డేనీ అన్నాడు. జూడీ నవ్వింది. ఈ జవాబు కోసం వారమంతా ఎదురుచూశానంది.

లాప్‌టాప్ వెనక నాకు సంతోషం వేసింది. అన్నిటికంటే దానికే భయపడుతున్నాను.

మార్చి 21, శుక్రవారం

డేనీకి ఉద్యోగం వచ్చింది. ఆంటీ బిర్యానీ చేసి, కృతజ్ఞతా కూడిక పెట్టారు. నన్ను పాట ఎత్తుకోమన్నారు. గొంతు బాగాలేదన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

డార్విన్ నుంచి రోజూ ఫోనే. డేనీ స్క్రీన్ షేర్ చేస్తాడు, నేను చెబుతాను, వాడు టైప్ చేస్తాడు. ఇవాళ నేను క్లాసులో ఉన్నానని ఎత్తలేదు. సొంతంగా ప్యాకేజీ పంపేశాడు. రీస్టార్ట్ ఆపడం మర్చిపోయాడు. ఆఫీసులో అందరి కంప్యూటర్లూ పని మధ్యలో ఆరిపోయి మళ్ళీ మొదలయ్యాయట. వాడు ఫోన్లో ఏడ్చాడు. దీనికంటే ఏజ్డ్ కేర్‌లో ముసలోళ్ళకి స్నానాలు చేయించడమే నయంరా ఎబెన్ అన్నాడు. తిడదామనుకున్నాను. జాలేసింది.

జూన్ 11, బుధవారం

నేను పెట్టుకున్న ఉద్యోగాల్లో ఇంకో రిజెక్షన్. ఇంటర్వ్యూ దాకా కూడా రానివ్వలేదు.

జూన్ 12, గురువారం

జూడీ టీమ్‌లో కొత్త పోస్టు పడింది, ఇప్పుడే చదువు అయినవాళ్ళకి. ప్రతి లైనూ నన్ను చూసి రాసినట్టే ఉంది. అప్లై చేయకూడదు. ఆవిడ నా గొంతు గుర్తుపడుతుంది. పట్టిందంటే మెయిల్ యూనికి వెళ్తుంది, అక్కణ్ణుంచి వీసా దాకా. ఇంటికి పంపేస్తారు. అమలాపురంలో నాన్నకి ఏమని చెప్పను?

సాయంత్రం: అప్లై చేశాను. నా సబ్జెక్టులో ఉద్యోగం వేరే ఎవరూ ఇవ్వట్లేదు.

జూలై 8, మంగళవారం

ఇంటర్వ్యూ రేపు. డేనీకి తెలిసిపోయింది. విత్‌డ్రా అయిపోరా, ఇద్దరం పోతాం అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

బాత్రూమ్‌లో గొంతు మార్చి మాట్లాడి చూసుకున్నాను. బొంగురుగా ఒకసారి, సన్నగా ఒకసారి. ఎలా మాట్లాడినా నేనే.

జూలై 9, బుధవారం

తెర మీద జూడీ, పక్కన డేనీ. వాడు ఉంటాడని నాకెవరూ చెప్పలేదు. వాడి ముఖం చూస్తే వాడికీ ఎవరూ చెప్పలేదని అర్థమైంది.

జలుబు చేసిందని బొంగురుగా మొదలుపెట్టాను. జూడీ ఒక కాగితం డేనీ ముందుకి జరిపి, చదవమంది. వాడు తల ఎత్తకుండా చదివాడు. ప్యాకేజీ సరిగా పనిచేస్తుందని ఎలా తేల్చుకుంటావు.

తెలియదనాలి. లేదా ఏదో ఒక తప్పు చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ దేశంలో ఎవరి దయా లేకుండా నాకు దక్కింది ఈ పని ఒక్కటే. నా సొంత మెషీన్‌ని నమ్మను అని మొదలుపెట్టాను. బొంగురు ఎప్పుడు పోయిందో తెలియదు. చివరిదాకా నా గొంతుతోనే చెప్పాను.

జూడీ ఏమీ రాసుకోలేదు. డేనీ వైపు చూసింది. వాడు కీబోర్డు వైపు చూశాడు.

జూలై 14, సోమవారం

ఫోన్ మోగినప్పుడల్లా జూడీయేమో అని చూస్తున్నాను. డేనీ ఎత్తడం లేదు.

జూలై 18, శుక్రవారం

జూడీయే ఫోన్ చేసింది. మార్చిలో మాట్లాడింది డేనీ కాదని, వాడు చేరిన మొదటి వారమే తెలిసిందట. మరి ఎవరా అని అప్పటినుంచీ వెతుకుతోందట. అది తేలేదాకానే వాణ్ణి ఉంచిందట, ఆ ప్రశ్న వాడితో చదివించిందీ అందుకేనట. డేనీకి నిన్నే ఆఖరి రోజు.

డార్విన్‌కి రమ్మంటే వచ్చేవాళ్ళు తక్కువ, పని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ, అందుకని నాకు ఉద్యోగం ఇస్తోందట. కొత్త పోస్టు కాదు, డేనీ పోస్టు. మళ్ళీ ఇలాంటిది చేస్తే తనే కంప్లైంట్ ఇస్తానంది. నువ్వేమైనా చెప్పాలా అని అడిగింది.

థాంక్యూ అన్నాను. డేనీ పేరు ఎత్తలేదు.

జూలై 20, ఆదివారం

చర్చికి తీసుకెళ్ళడానికి అంకుల్ వచ్చారు. డేనీ ఉద్యోగం పోయిందట. ఎవడో లాగేసుకున్నాడట, వాడు ఆ పేరు మాత్రం చెప్పట్లేదట. దారిలో కారు పక్కకి ఆపి, ఆడి కోసం నువ్వు పైకి ప్రార్థన చెయ్యి బాబూ అన్నారు.

చేశాను. ఆమెన్ అన్నది ఆయన ఒక్కరే.