గోచీలో ఇసక

తమ్ముడూ,

నువ్వు పోయిన ఇన్నేళ్లకి నీ జబ్బేమిటో తెలిసిందిరా. ఇవాళ మెడికల్ కాలేజీలో పాఠం చెప్పారు. కణాల్లో విడిపోయిన ప్యూరిన్లనే పదార్థాలను తిరిగి వాడుకలోకి తెచ్చే ఎంజైమ్ ఒకటుందట; అది లేకపోవడమే ఈ జబ్బుకి కారణమని మొన్న అరవై ఏడులో తేలిందట. పుట్టుకతో అది లేని పిల్లల్లో కణం అదుపు లేకుండా కొత్త ప్యూరిన్లు చేసుకుంటూ పోతుంది. అవన్నీ యూరిక్ యాసిడ్‌గా మారి, మూత్రంలో నారింజరంగు రేణువులై పడతాయి. ఆ పిల్లలు వద్దనుకుంటూనే తమ వేళ్లు తామే కొరుక్కుంటారు.

మన ఊరు భావనపాడులో నీ గోచీ దులుపుతూ అమ్మ, "ఇసకలో దొర్లినాడు" అనేది. నువ్వేమో, "అన్నా, నా సేతులు కట్టీరా" అని ఏడ్చేవాడివి. వలతాడుతో కట్టేవాణ్ణి.

"ఇలాంటి పిల్లాణ్ణి ఎవరైనా చూశారా? చెయ్యెత్తండి" అన్నారు మాస్టారు.

నువ్వు నా తమ్ముడివని చెప్పాల్సి వస్తుందని తల దించుకున్నాను. నా చేతులకి ఏ తాడూ లేదురా.