ఆరు చెవుల చార్టు

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
9 జూన్ 2013

ప్రియమైన సువార్తకు,

క్షేమం. వేళకు తింటున్నాను, నువ్వు అడగకముందే చెబుతున్నాను.

మీ అక్క పోయి రెండు నెలలు. ఆమె టేబుల్ ఇవాళ సర్దాను. తను పాఠాలు చెప్పిన కాలేజీకి ఇస్తానన్న చార్టు మధ్యలో ఆగిపోయి ఉంది. చెట్టుకు తలకిందులుగా వేలాడే స్లోత్ అనే జంతువు లోపలి చెవి. తల ఎటు తిరిగిందో తెలిపే మూడు అర్ధవర్తుల కుల్యలు. ఒకే జాతి స్లోత్‌లు ఆరింటివి, ఆరు ట్రేసింగులు. జూలై ఒకటికి బయాలజీ గదిలో పెడతానని మాట ఇచ్చింది. పెడతాను.

ఒక చిక్కు. ఆరూ ఆరు రకాలుగా ఉన్నాయి. మందులకు ఆమె వేళ్లు తిమ్మిరెక్కిన రోజుల్లో గీసినవి. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు చేశాను, ఇలాంటివి సరిచేయడం తెలుసు. ఆరింటి సగటు తీసి ఒకే బొమ్మ గీశాను. జిరాక్సు పంపుతున్నాను. జువాలజీ లెక్చరర్‌వి కదా, ‘సరిచూసినవారు’ గడిలో సంతకం పెట్టి పంపు.

ఉంటాను.
జీవరాజు


గుంటూరు
14 జూన్ 2013

ప్రియమైన బావగారికి వందనాలు.

ఫోన్ ఎత్తరు కాబట్టి ఉత్తరమే గతి. తింటున్నానన్నారు, ఏం తింటున్నారో రాయలేదు. రోజూ ఆవకాయే కదా?

బొమ్మ ముచ్చటగా ఉంది. సంతకం మాత్రం పెట్టను. అలాంటి చెవి ఉన్న స్లోత్ ఈ భూమ్మీద ఉండదు.

ఉడుత కొమ్మ నుంచి కొమ్మకు దూకాలి. చెవి కొలత తప్పితే కింద పడుతుంది, పడ్డదానికి పిల్లలుండవు. అందుకే చురుకైన జంతువుల్లో ఒక జాతి చెవులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. స్లోత్ మన చర్చి కమిటీ తీర్మానాల వేగంతో కదులుతుంది. కుల్య వంపు ఎలా ఉన్నా బతికిపోతుంది. తరతరాలుగా ఆ తేడాలు అలాగే మిగిలిపోయాయని శాస్త్రజ్ఞులు అంటున్నారు. అక్క చెప్పాలనుకున్న పాఠమే అది బావగారూ!

అక్క ట్రేసింగులు గీసింది నేనిచ్చిన స్కాన్ ప్రింట్ల మీద పెట్టే; పని అయ్యాక నాకు తిప్పి పంపిన ఆ ప్రింట్లు ఇందులో పెడుతున్నాను. మీరే ఆనించి చూసుకోండి.

మీ మరదలు,
సువార్త


సీతాఫల్‌మండి
28 జూన్ 2013

ప్రియమైన సువార్తకు,

ప్రింట్లు అందాయి. కిటికీ అద్దానికి ఆనించి, ఒక్కొక్కదాని మీద ఆమె ట్రేసింగు పెట్టాను. గీత మీద గీత కూర్చుంది. ఆరూ. వెంట్రుకవాసి తేడా లేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఫిబ్రవరిలో ఆమె మొదటి బొమ్మను పెద్ద షీటు మీదికి ఎక్కిస్తుంటే వెనక నిలబడ్డాను. “నీ చెయ్యి వణుకుతోంది, ఇక చాలు” అని పెన్ను తీసేసుకున్నాను. “కాస్త ఆగి చూడండి” అంది. ఆగలేదు. తర్వాత ఆమె ఆ పెన్ను అడగలేదు.

నా బొమ్మ చింపేశాను. ఆమె ఆపిన చోటు నుంచి మొదలుపెట్టాను. నా చెయ్యి ప్రతి వంపునూ దిద్దబోయింది. దిద్దనివ్వలేదు. తొమ్మిది రోజులు పట్టింది.

బన్సీలాల్‌పేట్‌లో లామినేషన్ చేసే జంగయ్య చార్టు విప్పి చూశాడు.

“ఏంది సార్, గిన్నేండ్లు రైల్వేల గీసినోళ్లు, ఆరు బొమ్మలు ఆరు తీర్ల జేసిండ్రు? కండ్ల నజర్ గిట్ల తగ్గిందా?”

“అలాగే ఉండాలి. మా ఆవిడ గీసింది.”

“మేడమా? ఐతె ఠీకే,” అని మిషన్‌లో పెట్టాడు.

కింది గడులు ముందే నింపాను. గీసినవారు: కాంతమణి. నకలు తీసినవారు: జీవరాజు. సరిచూసినవారి గడిలో నా పేరు రాయబోయి ఆగాను. చూడమన్నప్పుడు చూడలేదు. అక్కడ నీ పేరు రాశాను.

సోమవారం, ఒకటో తారీఖు పొద్దున పదింటికి చార్టు గోడకెక్కుతుంది. రా.

మీ బావ,
జీవరాజు