గేటు దగ్గర కేక

మబ్రూక్ బాబాయ్,

జడ్జిగా నన్ను తొలగిస్తూ అధ్యక్షులవారిచ్చిన ఉత్తర్వు చెల్లదని పై కోర్టు తీర్పిచ్చి ఏడాదైంది. ఆ కాగితంతో సోమవారం మన కోర్టుకొస్తే గేటు దగ్గరే పోలీసు ఆపేశాడు. "జడ్జీలకి ఓట్లెవరేశారమ్మా? అధ్యక్షులవారి ఉత్తర్వు తెచ్చుకో," అన్నాడు.

అంతలో మన ఊరి మగాళ్ళందరిలాగే చెవి వెనక మల్లెచెండుతో నువ్వు బయటికొచ్చావు. నన్ను చూడగానే అలవాటు కొద్దీ, నేను హాల్లోకి అడుగుపెట్టేటప్పుడు బంట్రోతుగా నువ్వు వేసే కేకే, 'కోర్టొచ్చింది, లేవండి' అనే కేకే వేశావు: "మహ్కమా!" వరండాలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆ పోలీసు కూడా సిగరెట్టు పారేశాడు.

దానికి నీకు మెమో ఇచ్చారట. పింఛనుకి ఎనిమిది నెలలే ఉంది, ఇంకెప్పుడూ అలా అరవకు.

అక్కడే ఉండిపోయిన నా నల్లగౌను ఒకసారి ఎండలో వెయ్యి, చిమటలు పడతాయి. రోజూ తొమ్మిదింటికి ఇంట్లో ఆ కేక కోసం చెవులు రిక్కించి కూర్చుంటాను, కాఫీ చల్లారిపోతుంది.

వచ్చే సోమవారమూ గేటు దగ్గరికొస్తాను బాబాయ్. నువ్వు పెదవులు కదిపితే చాలు, నాకు వినబడుతుంది.