చిట్టి ఫోటోకి కొన్న ల్యాప్‌టాప్

మస్కట్,
శుక్రవారం.

అక్కకి శ్రీను నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, నిద్ర పడుతోంది, నా గురించి బెంగ పెట్టుకోకు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వేడినీళ్ళ కాపడం మానేసి ఉంటావు, నాకు తెలుసు. బావగారికి బళ్ళో పేపర్లు దిద్దే పని అయిందా? పండు ఇంకా కడియంలో నాయనమ్మ దగ్గరే ఉందా, మీ దగ్గరికి పంపుతున్నారా? మొన్న ఫోన్లో అది, "అమ్మ ఫోటో పెద్దది చేస్తున్నావంట కదా మావయ్యా" అని అడిగింది. లైను సరిగా లేదమ్మా అని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

నువ్వు ఈ ఉత్తరం చూసి, ఫోనుండగా వీడికి ఇదేం పోయేకాలం అనుకుంటావు. ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటుంది అక్కా. ఫోనెత్తితే నీ వెనకాల ఎవరో ఒకరుంటారు, నువ్వేమో మధ్యలో ఏడుపు మొదలెడతావు, నేను అందుకుంటాను, ఇద్దరం కలిసి కార్డు అయిపోయేదాకా ఏడ్చి పెట్టేస్తాం. అందుకని రాస్తున్నాను. మొత్తం చదివాకే ఎవరితోనైనా మాట్లాడు.

ఇక్కడ ఎండలు తగ్గాయి. సాయంత్రం పూట బయట కూర్చోగలుగుతున్నాం. ఫోటో ల్యాబులో పెళ్ళిళ్ళ పని ముమ్మరంగా ఉంది. రోజూ పొద్దున్నుంచి ఎవరెవరి పెళ్ళికూతుళ్ళ మొహాలో సరిచేస్తూ కూర్చుంటాను. ఏ దేశం వాళ్ళైనా అడిగేది ఒకటే, ఇంకాస్త తెల్లగా చెయ్యండి, ఆ పసుపు తీసెయ్యండి అని. నా చెయ్యి ఎలా తయారైందంటే, మొహంలో పసుపు కనపడితే చాలు, బుర్రని అడక్కుండా అదే వెళ్ళి తీసేస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకో అక్కా, నేను రాయాల్సిందంతా దీని గురించే.

చిట్టి ఫోటో గోడకి పెట్టాలి, నువ్వే చేసి పంపాలి, దానికి ఏం కావాలంటే అది కొనుక్కో అని నువ్వు రెండుసార్లు చెప్పావు. ల్యాబులో కంప్యూటరు మీద సొంత పని చేసుకోనివ్వరు. ఎలాగూ ఖాళీ రోజుల్లో బయటి ఆల్బములు చేసుకోవచ్చని ల్యాప్‌టాప్ కొందామనుకున్నాను. నిజం చెప్పాలంటే, చిట్టి మొహం తెర మీద తెరవాలంటే భయమేసి ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. దాన్ని కడసారి చూడ్డానికే సెలవు దొరకలేదు నాకు. మొన్న కార్తీక విదియ, అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినాల్సిన రోజు, వెళ్ళింది. ఏటా ఆ రోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ వాటా అన్నం కూడా నేనే తినేస్తున్నా" అని ఏడిపించేది కదా. ఈసారి ఫోను మోగలేదు. ఆ మర్నాడే షాపుకి వెళ్ళాను.

నాతో గదిలో ఉండే మల్లేశుగారు కూడా వచ్చాడు. మొగల్తూరు ఆయన. ఇక్కడ చేపల మార్కెట్లో పని. నేనొక్కణ్ణీ వెళ్ళి ఏదో ఒకటి తెచ్చేసుకుంటానని ఆయన అనుమానం. దారి పొడుగునా, "వస్తువు కొనేటప్పుడు మొహమాటపడకూడదండి శ్రీనుగారూ, తిరగేసి చూడాలి" అని పాఠం చెప్పాడు. షాపులో ఒక్కొక్క ల్యాప్‌టాప్‌నీ రెండు చేతులతో ఎత్తి తూకం చూస్తుంటే, అమ్మే కుర్రాడు, మలయాళీ, పాపం బిక్కచచ్చిపోయాడు.

ఆ కుర్రాడు ముందు మమ్మల్ని ఆటల ల్యాప్‌టాప్‌ల దగ్గరికి తీసుకెళ్ళాడు. పెద్ద పెద్దవి, చుట్టూ లైట్లు, తెర అద్దంలా తళతళలాడుతోంది. కార్ల రేసు పెట్టి చూపించాడు. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది, ఎంత వేగం ఆటైనా ఆగదు, ఫోటోలదెంత అన్నాడు. అతని మాటా తప్పు కాదు. కాని ఆ మెరిసే తెరలో ఫోటో కంటే ముందు నా మొహం, నెత్తి మీద షాపు లైట్లు కనపడుతున్నాయి. ఆటకి రంగు ఎంత బాగుంటే అంత మంచిది. మా పనికి రంగు ఉన్నది ఉన్నట్టు కనపడాలి. మెరవని తెర కావాలి, పక్కనుంచి చూసినా రంగు మారకూడదు, చుక్కలు ఎక్కువుండాలి అని చెప్పాను.

చుక్కలంటే నీకు తెలిసేట్టు చెప్తానుండు. నువ్వు లేసు అల్లేటప్పుడు లావు దారంతో అల్లిన పువ్వుకి రేకులు విడివిడిగా తెలియవు, అదే సన్నదారంతో అల్లితే ఒక్కో రేకూ తెలుస్తుంది కదా. తెర కూడా అంతే. అదే సైజు తెరలో మామూలు దానికి అడ్డంగా పన్నెండొందల పైచిలుకు చుక్కలుంటే, మంచిదానికి పంతొమ్మిదొందల పైచిలుకు ఉంటాయి. కాకపోతే అందులో అక్షరాలు చీమల్లా కనపడతాయి, కళ్ళు లాగుతాయి. ఆటలాడే వాళ్ళయినా, నాలాంటి వాళ్ళయినా ఈ రెంటి మధ్యనే కొట్టుకుంటాం.

తెరని పరీక్ష చెయ్యాలంటే మనకి బాగా తెలిసిన ఫోటో ఒకటి పెట్టి చూడాలి. అది మా వాళ్ళ పద్ధతి. తెలియని మొహమైతే రంగు సరిగ్గా ఉందో లేదో చెప్పలేం. పెన్‌డ్రైవులో ఉగాది ఫోటో తీసుకెళ్ళాను. మీ వరండాలో చిట్టి కూర్చున్నది, బావగారు తీసి నెట్ సెంటర్ నుంచి పంపింది. దాన్ని ఒక్కో ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటూ వెళ్ళాను. ఒకదాన్లో చిట్టి నీలంగా పాలిపోయి ఉంది. ఒకదాన్లో ఎర్రగా, ఎండలోంచి వచ్చినట్టుంది. ఆటలదాన్లో సినిమా పోస్టరులా ఉంది. షాపులో అన్ని తెరల మీదా అది నవ్వుతూ నన్నే చూస్తోంది.

చివర్లో ఆ చుక్కలెక్కువున్న దాన్లో పెట్టాను. అప్పటికి మల్లేశుగారు ఎక్కడో తిరిగి నా వెనక్కి వచ్చాడు. ఆయన చిట్టిని ఎప్పుడూ చూడలేదు. తెరలోకి వంగి చూసి, "ఎవరండి ఈ అమ్మాయి? కళ్ళు పచ్చగా ఉన్నాయేంటండి?" అన్నాడు.

నేను అలవాటుగా, అది లైటు తేడా అండి, కెమెరాలో పసుపు పడింది అన్నాను.

"లైటు తేడా ఐతే పూలు కూడా పచ్చబడాలి కదండి. పూలు తెల్లగానే ఉన్నాయి."

చేపల మనిషి అక్కా. చేప తాజాదో కాదో కన్ను చూసి చెప్పే మనిషి. ఎవర్ని చూసినా ముందు ఆయన చూపు కళ్ళ మీదకే పోతుంది. నేను దగ్గరికి పెంచి చూశాను. జడలో నువ్వు పెట్టిన మల్లెపూలు, ఒక్కో రేకూ విడిగా కనపడుతోంది, తెల్లగా పాలలా ఉన్నాయి. వెనక గోడ సున్నం తెల్లగా ఉంది. చిట్టి కంట్లో తెల్లగుడ్డు మాత్రం పసుపు. రెండు కళ్ళూ.

నా చెల్లెలండీ అన్నాను. ఆయనకి అర్థమైంది, ఎందుకంటే చిట్టికి ఏమైందో ఆయనకి చెప్పి ఉన్నాను. నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆ రోజు ఏమీ కొనకుండా వచ్చేశాం.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తున్నాను. ఆ ఫోటో వచ్చిన రోజు సాయంత్రం నువ్వు నాకు ఫోన్ చేశావు. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు, నీ మాట మాటా గుర్తుంది.

"ఒరే శ్రీనూ, ఫోటోలో చిట్టి పచ్చగా ఉందేంట్రా?" అన్నావు.

"వరండాలో బల్బు వెలుగు అక్కా. మొహం పచ్చగా కొడుతుంది."

"పగలే తీశారు కదరా, బల్బు వెయ్యలేదు."

"అయితే కెమెరా సెట్టింగు మారుంటుంది. నేను రోజూ చేసే పనే కదా, నాకు తెలీదా?"

"అది కాదురా, మనిషి కూడా అన్నం సరిగా తినట్లేదు. డాక్టరుకి చూపిద్దామా అని."

నేను నవ్వాను అక్కా. ఫోటో చూసి డాక్టరు దగ్గరికి పరిగెడతావా అన్నాను. అరగంటలో పసుపు మొత్తం లాగేసి, కళ్ళు తెల్లగా చేసి, తిరిగి మెయిల్లో పంపాను. బావగారు ప్రింటు తీయించి తెచ్చారు. చిట్టి అది చూసుకుని, "అన్నయ్య నన్ను హీరోయిన్ని చేసేశాడు" అని మురిసిపోయిందని నువ్వే చెప్పావు. అంతటితో డాక్టరు మాట పోయింది. ఆ తర్వాత మూడు వారాలకి పక్కింటావిడ కూడా గుర్తుపట్టేంత పచ్చబడింది. అప్పుడు పసరు పోయించారు, అప్పుడు రాజమండ్రి తీసుకెళ్ళారు. అప్పటికే లివరు పాడైపోయింది, ఇంకా ముందు తీసుకురావాల్సింది అన్నాడా డాక్టరు. ఆ ముందు అన్నది ఉగాది నాడే నీ చేతిలో ఉంది. నేను లాగేశాను.

చిట్టి అత్తగారు పదిమందిలో నిన్ను ఏమన్నారో బావగారు నాకు చెప్పారు. పండగకని తీసుకెళ్ళి నెల్లాళ్ళు ఇంట్లో పెట్టుకుంది, పిల్ల కళ్ళు చూసుకోలేదా, సొంత అక్కేనా అన్నారట. రాంబాబు ఆ రోజుల్లో మొక్కల లారీలతో ఎక్కడో ఉత్తరాదిలో ఉన్నాడు. తన పెళ్ళాన్ని నీకు అప్పజెప్పి వెళ్ళానన్న కోపం అతనిలో ఇంకా చల్లారలేదు, అందుకే పండుని మీ గుమ్మం తొక్కనివ్వడం లేదు. నువ్వు ఒక్క మాట తిరిగి అనలేదట. నాతో ఫోన్లో కూడా ప్రతిసారీ అదే, "పక్కనే ఉండి చూసుకోలేకపోయాన్రా, నా కళ్ళు పోయాయి" అని. ఆర్నెల్లుగా నేను, ఊరుకో అక్కా, ఎవరికి తెలుస్తుంది అని నిన్ను ఓదారుస్తున్నాను. నాకు తెలుసు అక్కా. ఆ షాపుకి వెళ్ళే ముందు కూడా లోపలెక్కడో తెలుసు. అందుకే ఆ ఫోటో ఇన్నాళ్ళూ తెరవలేదేమో.

నువ్వు ఎందుకు చెప్పలేదు వాళ్ళకి? తమ్ముడు చెప్పాడు, తెలిసినవాడు చెప్పాడు, అందుకే ఊరుకున్నాను అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా. నా పేరు పైకి రాకూడదని నోరు మూసుకున్నావని నాకిప్పుడు అర్థమవుతోంది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన వాటికి నువ్వు దెబ్బలు తినేదానివి. ఇది ఆ లెక్కలో వెయ్యకు అక్కా, నేను మోయలేను.

మళ్ళీ వారం వెళ్ళి ఆ ల్యాప్‌టాప్పే కొన్నాను. ఇంకోటి కొనడానికి మనసు ఒప్పలేదు. బరువే, అక్షరాలు చిన్నవే, మల్లేశుగారు మాత్రం గట్టి సరుకు అన్నాడు. ఇవాళ పొద్దున్నుంచి దాని ముందు కూర్చుని చిట్టి పెళ్ళినాటి ఫోటో గోడకి సరిపడేట్టు చేశాను. అందులో చిట్టికి ఏ జబ్బూ లేదు. నేను ఒక్క చుక్క కూడా మార్చలేదు. బుగ్గ మీద ఆటలమ్మ మచ్చ కూడా అలాగే ఉంచాను, పండుకి వాళ్ళమ్మ అలాగే గుర్తుండాలి. ఆ ఫోటో మన వైపు వెళ్ళే మనిషి చేత పంపుతాను, ఫ్రేము బావగారు కట్టిస్తారు.

ఈ కవర్లో చిన్న ఫోటోలు రెండు పెట్టాను. ఒకటి ఉగాది నాడు బావగారు పంపింది, ఉన్నది ఉన్నట్టు. రెండోది నేను పసుపు తీసి తిరిగి పంపింది. వెనకాల ఏది ఏదో నా చేత్తో రాశాను. రెండూ పక్కపక్కన పెడితే చదువు రానివాళ్ళకి కూడా అర్థమవుతుంది. బావగారిని కడియం తీసుకెళ్ళమను. రాంబాబుకీ, వాళ్ళమ్మగారికీ ఫోటోలు చూపించి, ఈ ఉత్తరం బావగారి చేత చదివించు. ఒక్క ముక్క కూడా దాటెయ్యకుండా చదవమను. నేను నీకు చెప్పుకున్నవి కూడా చదవమను, ఫరవాలేదు.

చిన్న పనులు రెండున్నాయి. కెమెరాలో కార్డు ఉంది కదా, అందులో ఫోటోలు ఎవర్నీ చెరపనివ్వకు. రెండోది, పండుకి ఒకసారి రక్తపరీక్ష చేయించమని రాంబాబుతో చెప్పు. కామెర్లు వచ్చిన ఇంట్లో పిల్లలకి చేయిస్తే మంచిదని ఇక్కడ మా డాక్టరు అన్నాడు. నా మాట మీద నమ్మకం లేకపోతే, అది న్యాయమే, రాజమండ్రిలో డాక్టర్ని అడగమను.

నా గురించి దిగులు పడకు. మల్లేశుగారు పక్కనే ఉన్నాడు, నాకు అన్నం పెట్టి తినేదాకా కదలడు. నేను బాగానే ఉన్నాను. ఏమీ చేసుకోను, ఆ భయం పెట్టుకోకు. రాంబాబు నన్ను తిట్టాలనుకుంటే నంబరు ఇవ్వు, ఎప్పుడు చేసినా ఎత్తుతాను, మొత్తం వింటాను.

బావగారికి నా నమస్కారాలు. కడియంలో చిట్టి అత్తగారికి కూడా నమస్కారాలు చెప్పమని రాస్తున్నాను, తీసుకుంటే చెప్పు. పండుకి ముద్దులు. ప్రతి ఉత్తరం చివరా నీ ఆశీస్సులు అడుగుతాను, ఈసారి అడగడం లేదు. ఇవ్వాలనిపించినప్పుడు ఇవ్వు.

ఒక్కటి మాత్రం నమ్ము అక్కా. చిట్టి కళ్ళు నువ్వు చూశావు. అందరికంటే ముందు చూశావు, పగలే తీశారు కదరా అని కూడా అన్నావు. నువ్వు చూడలేదని ఇంకెవరన్నా అంటే, చూసింది, వాళ్ళ తమ్ముడే నమ్మనివ్వలేదు అని చెప్పు.

నీ
శ్రీను