అద్దంలో పట్టని ఒళ్ళు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. నీకొచ్చిన రొమ్ము క్యాన్సరే ఆ తర్వాత నాకూ వచ్చిందని నీకు తెలియదు. ఆపరేషన్ అయ్యాక, రేడియేషన్ పెట్టకముందు ఆస్పత్రిలో నా రొమ్ములకి ఒక ఫొటో తీశారు. ఈరోజు నెల్లూరు ఆస్పత్రికి వెళ్తే, రేడియేషన్ తర్వాత రొమ్ము ఎంత మారిందో చూడాలని మరొకటి తీశారు.

"తేడా ఏమన్నా కనిపించిందామ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు మేడమ్" అన్నాను. మన ఇళ్ళల్లో ఎవరు చూసుకుంటారు? లంగా రొమ్ముల పైకి కట్టుకునే నీళ్ళు పోసుకుంటాం. ఉన్న అద్దం బొట్టు పెట్టుకోవడానికే సరిపోతుంది.

ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పింది. మెడ నుంచి నడుము దాకా ఒక ఒళ్ళు. ఎడమ రొమ్ము ముడుచుకుపోయి, చనుమొన పైకి లాక్కుపోయి, చర్మం నల్లగా కమిలి ఉంది. నీకు ఆఖరి స్నానం చేయించినప్పుడు నేను చూసింది సరిగ్గా అదే.

"మా అక్క ఫొటో మీ కాడ ఎట్టా ఉండాది మేడమ్? ఆమె పోయి రెండేళ్ళాయెనే!" అని అరిచేశాను.

"అది నీదేనమ్మా" అంది ఆమె మెల్లగా.

వచ్చేటప్పుడు నడుము దాకా కనిపించే అద్దం కొని, కృష్ణపట్నం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మేకుకి తగిలించాను కానీ, దాని ముఖం ఇంకా గోడవైపే ఉంది.